అడుగుటయు చెప్పుటయు

విద్య యిచ్చినకొలది పెరుగునని మనలో పలుకనివారు లేరు. పాఠశాలల గోడలపై నా మాట వ్రాయబడియుండును. సభలలో నుపన్యాసకులు దానిని తప్పక యుదాహరింతురు. కాని యాచరణమునకు వచ్చునప్పటికి మనదేశమున విద్యను దాచుకొనుటయే యెక్కువగా కానవచ్చుచున్నది. నాటువైద్యుడు తన మూలికపేరును కన్నకొడుకునకు సయితము కడపటి గడియవరకు చెప్పడు. అద్దకపు పనివాడు రంగు కలుపునప్పుడు తలుపు మూసికొనును. ఆవకాయ పెట్టుటలో పేరుపడిన యిల్లాలు పొరుగామెకు పాళ్లు చెప్పునప్పుడు ఒక దినుసును మరచినట్లు నటించుటయు గలదు. ఇట్లు దాచబడిన విద్య దాచినవానితోడనే కాటికి పోవుచున్నది. అయినను వారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. తనకు తెలిసినది పరులకు తెలిసినచో తన కూటికి లోటు వచ్చునను భయము పేదదేశమున సహజమే. ఆ భయము పోవుటకు నీతివాక్యములు చాలవు. విద్యను పంచుకొన్నందున కూడు తరుగదనియు, పంచుకొననందుననే తరుగుననియు కంటికి కనబడు నిదర్శనము కావలెను.

అట్టి నిదర్శన మొకటి మాకు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారిలో కనబడినది. మేము జీవనార్థము ఆ వృత్తిలో నున్నవారము కాము. ఇంటిలెక్కలకును, గ్రంథాలయపు పట్టికలకును చిన్న చిన్న స్క్రిప్టులు వ్రాసికొనుచు, తెలియనిది నలుగురిని అడుగుచు, తెలిసినది నలుగురికి చెప్పుచు కొన్నియేండ్లుగా వారి నడుమ మెలగుచున్నవారము. ఎన్నడు మన ముఖము చూడనివాడు, మన భాష యెరుగనివాడు, మనవలన కాసు నాశింపనివాడు తన నిద్ర మాని మన చిక్కును విడదీయుటకు కూర్చుండుట మేము పలుమారులు చూచితిమి. దీనిని ఔదార్యమని పొగడి యూరకుండుట మా యుద్దేశము కాదు. ఔదార్యముపై మాత్రమే నిలిచిన పని యౌదార్యము తరిగిననాడు కూలిపోవును. ఇచ్చట సాహాయ్యమునకు మూలము అవసరము. ఒక్కడు చేయజాలని పని యగుటచేత నలుగురును చేరుచున్నారు. ఈ సంగతిని చదువరులకు తేటపరుపవలెననియే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బల్లపై నుంచుకొని వాడు కంప్యూటరులలో ముఖ్యముగా మూడు సంసారములు గలవు. వానిపేరులు విండోస్, మాక్, లినక్సు. యంత్రమును నడిపించు మూలవ్యవస్థకే యీ పేరులు. మూడిండ్లలోను తెర, కీబోర్డు, మౌసు చూపునకు ఒకేతీరుగ నుండును. లోపలి యాచారములు మాత్రము వేరు. ఒక యింటికొరకు వ్రాసిన ప్రోగ్రాము రెండవయింట గడప దాటజాలదు. మూడింటను ఒకే ప్రోగ్రాము నడువవలెనని కోరువారు స్క్రిప్టుభాషల నాశ్రయింతురు. వీనిలో వ్రాసినదానిని ముందే యంత్రభాషలోనికి మార్చి యుంచరు. ప్రతియింటను ఒక దుబాసి కూర్చుండి, వ్రాసినదానిని చదివి, ఆ యింటివారికి తెలియునట్లు చెప్పి పని చేయించును. వ్రాత యొక్కటే, దుబాసులు ముగ్గురు.

కిటికీలును బొత్తాములును గల ప్రోగ్రాములను ఈ విధమున సులభముగ వ్రాయుటకు దారి చూపినవారిలో జాన్ ఔస్టర్‌హౌట్ ముఖ్యుడు. ఆయన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీశాఖలో నాచార్యుడై యుండగా 1988లో టికిల్ అను చిన్న స్క్రిప్టుభాషను నిర్మించుట కారంభించెను. తెరపై కిటికీలు, బొత్తాములు, జాబితాలు నిలుపుటకై టీకే యను పనిముట్ల పెట్టెను దానికి జోడించెను. మొదట నది యూనిక్సు యంత్రములకే పరిమితమై యుండెను. 1994లో ఆయన సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో చేరిన పిమ్మట, 1996 నాటికి అది విండోస్, మాక్ యంత్రములకును విస్తరించెను. ఇంతలో నెదర్లాండ్సు దేశీయుడగు గిడో వాన్ రోసమ్ 1991లో పైథాను అను భాషను లోకమునకు వెల్లడించెను. ఆ భాషవారు టీకే పెట్టెను తెచ్చుకొని టికింటర్ అను పేర వాడుకొనిరి. ఇందు దొంగతనమేమియు లేదు. మొదటివాడు తన మూలవ్రాతను ఎల్లరకును విడిచిపెట్టియే యుండెను. నేడు పాఠశాలబాలిక సయితము పదిపదునైదు పంక్తులలో ఒక కిటికీని తెరచి, దానిలో నొక బొత్తాము నుంచి, నొక్కినతోడనే లెక్క చేయునట్లు వ్రాయగలదు.

అంతవరకు సుఖమే. దుబాసి దాచలేని యాచారభేదములయొద్ద చిక్కులు మొదలగును. ఒక పంక్తి ముగిసినదని తెలుపుటకు లినక్సును నేటి మాకును ఒక గుర్తు నుంచును. విండోస్ రెండు గుర్తుల నుంచును. పూర్వము టైపురైటరులో బండిని మొదటికి త్రోయుట యొక పని, కాగితమును పైకి జరుపుట యొక పని. ఆ రెండు పనుల జ్ఞాపకమే యీ రెండు గుర్తులు. ఫైలుండు దారిని చెప్పునప్పుడు విండోసువారు వెనుకకు వాలిన గీతను వాడుదురు, మిగిలినవారు ముందుకు వాలిన గీతను వాడుదురు. స్క్రిప్టుభాషలలో వెనుకవాలు గీతకు వేరొక యర్థము కలదు. దాని ప్రక్కన ‘ఎన్’ అను ఆంగ్లాక్షరము వచ్చెనా, దారి నడుమ విరిగి రెండు పంక్తులగును! ఆంగ్లమున పెద్దయక్షరములు, చిన్నయక్షరములు అని రెండు తెగలు కలవు గదా. లినక్సు వానిని వేరుగా నెంచును, విండోసును మాకును సాధారణముగ ఒకటిగనే యెంచును. కావున రెండిండ్లలో నిక్షేపముగ దొరకిన ఫైలు మూడవయింట లేనేలేదని జవాబు వచ్చును. మన లిపిలో నా భేదమే లేదు గాన తెలుగువానికి ఈ తగవు తమాషాగ కనబడును గాని, దానిచేత పోవు ప్రొద్దు తమాషా కాదు.

మౌసుమీది చక్రము సంగతి మరియు విచిత్రము. దానిని త్రిప్పినప్పుడు టీకే 8.6 తరమున మూడిండ్లనుండి మూడు మాటలు వచ్చును. విండోస్ ఒక మెట్టునకు 120 అని లెక్క చెప్పును. మాక్ 1 అనును. లినక్సు లెక్కయే చెప్పక, నాలుగవ బొత్తామో యైదవ బొత్తామో నొక్కబడినదని చెప్పును. ఈ భేదము 2024 సెప్టెంబరులో వెలువడిన 9.0 తరమున గాని సర్దుబాటు కాలేదు. ఇట్టివి పుస్తకము చదివి తెలిసికొనుట కష్టము. ఆయా యింట కాపురము చేసినవానికే తెలియును.

మూడు యంత్రములను తన బల్లపై నుంచుకొన్నవా డరుదు. విద్యార్థికి ఒక్కటి దొరకుటయే గగనము. మాక్ కొనుట మన మధ్యతరగతి గృహస్థునకు తేలిక కాదు. కావున తన ప్రోగ్రాము మూడింటను నడచునని చెప్పదలచినవాడు తనకు లేని రెండు యంత్రములు గలవారిని వేడక తప్పదు. వారికిని వీని యంత్రముతో అవసరము పడును. ఈనాడు అడిగినవాడు రేపు చెప్పువా డగును. ఒకడు ఎల్లప్పుడు దాతగను, ఒకడు ఎల్లప్పుడు యాచకుడుగను నుండు వ్యవస్థ కాదిది. మన పల్లెలలో నాట్లవేళ ఒకరి చేనికి ఒకరు బదులు పోవునట్టి వ్యవస్థ. బదులు పోయిన రైతును దాతయని యెవరును పొగడరు, అతడును పొగడ్తను కోరడు. అయినను ఆ బదులు లేనియెడల నెవని నాటును అదనున పడదు.

ఇట్టి బదులు ఎట్లు జరుగునో మేమెరిగిన యొక పనివలన చూపెదము. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘ మేర్పడినది మొదలు మన పల్లెలలో పుస్తకభాండాగారములు స్థాపించుట యొక దేశసేవగ సాగినది. ఆ సేవకు వారసత్వముగ నిలిచిన చిన్న గ్రంథాలయ మొకటి మా ప్రాంతమున కలదు. దానిలో వేయికి పైబడిన పుస్తకములు. వాని పట్టికను, ఎరువిచ్చు చిట్టాను ఒక వర్తకుడు కొంత రొక్కము పుచ్చుకొని కంప్యూటరుప్రోగ్రాముగ చేసియిచ్చెను. మూలవ్రాతను మాత్రము ఇయ్యలేదు, అడిగినను చూపలేదు. కొన్నియేండ్లకు యంత్రము పాతబడి మరమ్మతునకు లొంగదాయెను. అప్పటికి వర్తకుడు ఆ వ్యాపారమును మాని యెచ్చటికో పోయెను. క్రొత్త యంత్రముపై నా ప్రోగ్రాము నడువదు. పట్టిక యే రూపమున దాచబడినదో చెప్పగలవారు లేరు. బీరువాలలోని పుస్తకములను దించి, దుమ్ము దులిపి, మరల మొదటినుండి పేరులు వ్రాసికొనవలసివచ్చెను. ఎవరెవరు ఏయే పుస్తకములు తీసికొనిపోయిరో చెప్పు చిట్టా పోయినందున కొన్ని మంచి పుస్తకములు తిరిగి రానేలేదు.

ఈ సారి ప్రోగ్రామును ఎల్లరు చదువదగినట్లు వ్రాయవలెనని నిశ్చయించితిమి. పని నిజముగ చేసినది కార్యదర్శిగారి కుమార్తె. కళాశాలలో చదువుచు సెలవులకు వచ్చిన యా చిన్నది పైథానును, టికింటరును తానే నేర్చుకొన్నది. గ్రంథాలయమునకు దొరకిన యంత్రములు రెండు: ఒకదానిలో విండోస్, రెండవదానిలో వెల పెట్టనక్కరలేని లినక్సు. చదువరుల పట్టికలో ‘స్త్రీలు’, ‘పురుషులు’ అని రెండు వరుసలు. విండోసులో చక్కగ వచ్చెను. అదే వ్రాతను లినక్సులో నడుపగా ఆమె మమ్ము పిలిచి, “బాబాయిగారూ! అక్కడ నిక్షేపముగా ఉన్న స్త్రీ ఇక్కడ ముక్కలయిందండీ!” అనెను. చూడగా నిజమే. ఒత్తులు క్రిందికి దిగలేదు. పొల్లులు ప్రక్కన నిలిచిపోయినవి. ‘స్త్రీ’ యను నొక్క యక్షరము మూడు తునకలై తెరపై పడియుండెను.

చదువరులకు దీని కారణము చెప్పవలెను. కంప్యూటరులకు లోకమునందలి లిపుల నన్నింటిని సంఖ్యలుగ తెలుపు యూనికోడు అను నేర్పాటు కలదు. 1991లో వెలువడిన మొదటి కూర్పునుండియు దానిలో తెలుగునకు చోటు కలదు. 128 గదులు మన లిపికి కేటాయింపబడినవి. కాని యా గదులలో నుండునవి మూలాక్షరములును గుణింతపు గుర్తులును మాత్రమే. ‘స్త్రీ’ యనునది కంటికి ఒక్కటి. యంత్రమునకు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అని ఆరు సంఖ్యలు. ఆ యారింటిని కూర్చి ఒక్క యక్షరముగ పోతపోయుట వేరొక పని. విండోసులోను మాకులోను ఆ పనిని మూలవ్యవస్థయే చేయును. లినక్సులో ప్రోగ్రాముల పనిముట్ల పెట్టె యా పనివానిని పిలిపించుకొనవలెను, టీకే 8.6 పిలువదు. ఆంగ్లాక్షరములు ఒకదాని ప్రక్కన నొకటి నిలుచునవి యగుటచేత ఆంగ్లము వ్రాయువారి కీ లోటు కనబడనే కనబడదు. వంగభాష, హిందీ, తెలుగు వ్రాయువారికే కనబడును.

ఆమె యీ సంగతి తెలియక, తన వ్రాతలో తప్పున్నదేమోయని రెండుదినములు వెదకి, కడపట ఆ పనిముట్లలో నారితేరిన యొక విదేశీయునకు ఉత్తరము వ్రాసెను. ఆయన తెలుగక్షరమును చూచినది లేదు. తెరపై వచ్చిన బొమ్మను పంపగా, ‘ఇందులో తప్పేదియో నాకు తెలియుట లేదు, సరియైన రూపమును కాగితముపై నీ చేతితో వ్రాసి పంపుము’ అని యడిగెను. ఆమె కలముతో ‘స్త్రీ’ యని పెద్దదిగ వ్రాసి, ఏ యొత్తు ఎచ్చటికి పోవలెనో బాణపుగుర్తులతో చూపి పంపెను. మరునాటికి జవాబు వచ్చెను: నీ వ్రాతలో దోషము లేదు, లినక్సులో నా పెట్టె కూర్పుపని చేయదు, డబ్ల్యు.ఎక్స్.పైథాను అను వేరొక పెట్టెను వాడిచూడుము. అది మూడిండ్లలోను ఆ యింటి సొంత పనివారిచేతనే పని చేయించును. లినక్సులో హార్ఫ్‌బజ్ అను కూర్పరి దానికి దొరకును. ఈ హార్ఫ్‌బజ్ అను పేరు పారసీకభాషలోనిదట; తెరచిన యక్షరమని యర్థము. ఇంతకంటె తగిన పేరు మరియొకటి యుండునా?

కిటికీలను, బొత్తాములను మరల వ్రాయుటకు వారముదినములు పట్టెను. రెండు యంత్రములలోను ‘స్త్రీ’ యతుకుపడెను. మాక్ మావద్ద లేదు, ఆయనవద్దను లేదు. ఆయన మిత్రుడొకడు వేరొక దేశమునుండి దానిని తన మాకుపై నడిపి, బొమ్మను పంపెను. అందులో సరిగ నున్నదని చెప్పగలిగినవారు మరల మేమే. ఫైలును తెరచునప్పుడు లిపిసంకేతము పేరును విడచినయెడల విండోసునందలి పైథాను పాశ్చాత్యలిపులకు మాత్రమే చాలు పాతసంకేతమును వాడుట కలదనియు, దానిలో తెలుగునకు చోటులేదనియు, కావున యు.టి.ఎఫ్.-8 అని స్పష్టముగ వ్రాయుమనియు నాయన వేరుగ హెచ్చరించెను. ఆమెయు ఊరకుండలేదు. ఆరు సంఖ్యలు ఒక యక్షరమెట్లగునో, పేరును మొదటి మూడక్షరములకు కుదింపుమనిన యంత్రము ‘స్త్రీ’ని నడుమ నెట్లు నరుకునో వారికి విపులముగ వ్రాసి పంపెను. ఇందు ఎవరు గురువు, ఎవరు శిష్యులు? ఒకనికి పనిముట్టు తెలియును, ఒకామెకు లిపి తెలియును, ఒకనికి యంత్రము కలదు. ముగ్గురిలో నే యొక్కరు దాచుకొన్నను పని జరుగదు.

ఈ పనివలన మేము గ్రహించిన మొదటి సంగతి, అడుగుట యొక విద్య యనునది. మనవారిలో ననేకులు అడుగుటను అవమానముగ నెంతురు. బడిలో ప్రశ్న వేసిన పిల్లవానిని ‘ఇంత మాత్రము తెలియదా?’ యని కసరిన పంతులు పుణ్యమిది. అడిగెడు కొందరును వైద్యునియొద్దకు పోయి ‘ఒంట్లో బాగులేదు’ అని మాత్రము చెప్పి కూర్చుండు రోగివలె నడుగుదురు. ‘నా ప్రోగ్రాము నడుచుట లేదు’ అనిన నెవడేమి చెప్పగలడు? ఏ యంత్రము, ఏ మూలవ్యవస్థ, భాషయొక్క యే తరము, ఏమి చేయగా నేమి జరిగినది, ఏమి జరుగునని తలచితివి, తెరపై వచ్చిన దోషవాక్యము అక్షరము పొల్లుపోక యేమి - ఇవి చెప్పవలెను. అన్నింటికంటె ముఖ్యము, ప్రోగ్రామునంతయు పంపక, చిక్కును చూపుటకు చాలినంత చిన్నతునకను వేరుచేసి పంపుట. మా చిన్నది రెండువందల పంక్తులను తగ్గించి తగ్గించి యేడు పంక్తులకు తెచ్చెను. అట్లు తగ్గించుటలోనే తప్పు పుస్తకముల పట్టికలో లేదనియు, అక్షరమును తెరపై నిలుపుచోటనే యున్నదనియు సగము జవాబు ఆమెకే తెలిసెను. ప్రశ్నను సరిగ వ్రాయ కూర్చున్నవారు పంపకముందే యుత్తరమును కనుగొని నవ్వుకొనుట యీ వృత్తిలో నిత్యానుభవము.

ఎరిక్ రేమండు అను నాయన అడుగవలసిన రీతినిగూర్చి 2001లో నొక పెద్దవ్యాసము ప్రకటించెను. మొదట నీవే వెదకుము, పిమ్మట వివరముగ నడుగుము అనునది దాని సారము. సలహా మంచిదే. అయితే యది కొందరి చేతులలో బెత్తమైనది. క్రొత్తవారు తడబడుచు నడిగినప్పుడు చిక్కు విప్పుట మాని, అడిగిన తీరునే దండించువారు బయలుదేరిరి. స్టాక్ ఓవర్‌ఫ్లో అను ప్రసిద్ధ ప్రశ్నోత్తరస్థానము 2008లో నారంభమైనది. 2018 ఏప్రిలులో దాని నిర్వాహకులే, తమ స్థానము క్రొత్తవారికిని, స్త్రీలకును, తెల్లవారు కాని జాతులవారికిని అనాదరముగ తోచుచున్నదని యొప్పుకొని, దానిని మార్చవలసియున్నదని ప్రకటించిరి. విద్య తెరచియున్నంత మాత్రమున చాలదు. గుమ్మమున నిలుచున్నవాని ముఖమును తెరచియుండవలెను. మన బాలికలు ఆంగ్లమున తప్పులు వచ్చునేమోయను జంకుచేతను, నవ్వుదురేమోయను సిగ్గుచేతను ఎన్ని ప్రశ్నలను నోటనే దిగమింగుచున్నారో తలచుకొన్న మాకు కష్టముగ నుండును. ఒక యెకసక్కెపు మాటవలన ఒక పనివాడు తగ్గును. అతడు లేదా ఆమె రేపు చెప్పవలసిన జవాబులును తగ్గును.

రెండవ సంగతి, చెప్పుటయు నొక విద్యయే. అడిగినవానికి పనియంతయు చేసిపెట్టుట యుపకారము కాదు. రేపును అతడు చేయి చాపుచునే యుండును. కారణము చెప్పి, తరువాతి మెట్టు చూపి, అతనిచేతనే చేయించుట యుపకారము. టికింటరు నేర్చుకొన్నవారికి ఫ్రెడ్రిక్ లుంధ్ అను స్వీడనుదేశీయుని పేరు పరిచితము. ఆయన ఆ పనిముట్లకు విపులమైన పరిచయమును వ్రాసిపెట్టెను. పైథాను వాడువారి ప్రశ్నలకు ఏండ్ల తరబడి యుత్తరములిచ్చెను. బొమ్మలను సవరించుటకు ఆయన నిర్మించిన పనిముట్టు నడుమ నిలిచిపోగా, 2010 నుండి వేరొకరు దానిని పిల్లో అను పేర కొనసాగించిరి. ఆయన 2021లో కీర్తిశేషుడయ్యెను. ఆయన విద్య యాయనతో పోలేదు. మూలికపేరు చెప్పక పోయిన వైద్యునికిని ఈయనకును గల భేద మింతే.

వ్యక్తులకే కాదు, పనిముట్లకును ఈ న్యాయము వర్తించును. 1987లో బిల్ అట్కిన్‌సన్ నిర్మింపగా ఆపిల్ సంస్థవారు హైపర్‌కార్డు అను చక్కని పనిముట్టును మాక్ యంత్రములకై వెలువరించిరి. ప్రోగ్రాములు వ్రాయుట యెరుగని యుపాధ్యాయులు సయితము దానితో పాఠములు, ఆటలు నిర్మించిరి. కాని దాని మూలవ్రాత సంస్థవారి చేతిలోనే యుండెను. వారు క్రమముగ దానిపై శ్రద్ధ మాని 2004లో అమ్మకమును నిలిపివేసిరి. అభిమానించినవారు వేలమంది యున్నను దానిని బ్రదికించుకొనలేకపోయిరి. టీకే కథ వేరు. ఔస్టర్‌హౌట్ 1998లో సన్ సంస్థను విడిచెను. పిమ్మట తాను స్థాపించిన కంపెనీయు 2000లో పరుల చేతికి పోయెను. ఇండ్లు మారినను పనిముట్టు చావలేదు. ఆ సంవత్సరమే దానిని వాడువారు ఒక చిన్న మండలిగ నేర్పడి భారమును మోసికొనిరి, నేటికిని మోయుచున్నారు. మా గ్రంథాలయపు వర్తకుని ప్రోగ్రామునకు పట్టిన గతిని దీనితో పోల్చిచూచిన, మూలవ్రాతను తెరచియుంచుట ధర్మముగ మాత్రమే కాక లాభముగను తేలును.

ఇట్లు ఉచితముగ చెప్పిన వృత్తివారి జీవనము చెడదా యని కొందరడుగుదురు. మేము చూచినంతవరకు చెడలేదు. చిక్కులు చెప్పువారినే యజమానులు వెదకి పిలుచుచున్నారు; పది యిండ్ల చిక్కులు చూచినవానికి పదకొండవయింటి చిక్కు తేలిక యగును. సోమరులు దీనిని వాడుకొందురు గదా యని మరికొందరందురు. వాడుకొందురు, నిజమే. ఏ యన్నసత్రమున సోమరులు తినలేదు? వారికై తలుపు మూసిన నాకలిగొన్నవారును వెలుపలనే నిలిచిపోవుదురు.

మూడవ యాక్షేపము క్రొత్తది. 2022 చివర చాట్‌జీపీటీ వెలువడినది మొదలు అనేకులు మనుష్యుల నడుగుట మాని యంత్రమునే యడుగుచున్నారు. అది కసరుకొనదు, అర్ధరాత్రియైనను జవాబు చెప్పును. జంకుగల బాలికకు ఇది మేలే యని మేమును ఒప్పుకొందుము. కాని యట్టి యంత్రము చెప్పునది మనుష్యులు లోగడ నొకరికొకరు తెరచి వ్రాసికొన్న వ్రాతలనుండి యధికముగ నేర్చినది. మనము ప్రశ్నలను నలుగురి యెదుట వేయుట మాని, జవాబులను నలుగురికొరకు వ్రాయుట మానినయెడల, రేపటి క్రొత్త చిక్కునకు జవాబు ఎచ్చటనుండి వచ్చును? ఇదియుగాక, అది చెప్పిన మందు పనిచేసినదో లేదో తన తెరపై చూచి, ‘స్త్రీ’ యతుకుపడినదని చెప్పవలసినది లిపి యెరిగిన మనుష్యులే. ఆంగ్లమున కుదిరినదంతయు తెలుగున కుదురునని యెవరు హామీ యియ్యగలరు? తెలుగున తప్పిన చోటులను తెలుగువారు వ్రాసి చూపనియెడల అవి దిద్దువారికి తెలియనే తెలియవు.

కావున మా విన్నప మొక్కటే. చదువరుల యిండ్లలో నీ విద్య నేర్చుచున్న బాలబాలికలు పలువురున్నారు. వారు చిక్కువడి యడుగుటకు వెనుదీసినప్పుడు, అడుగుట తక్కువతనము కాదని పెద్దలు ధైర్యము చెప్పవలెను. చిక్కు విడిపోయిననాడు, సంతోషముతో లేచిపోనీయక, ఏ యంత్రమున ఏమి జరిగినదో, ఎట్లు చక్కబడినదో పది పంక్తులలో వ్రాసి నలుగురికి దొరకుచోట నుంచుమని చెప్పవలెను. వీలైనయెడల తెలుగులోను వ్రాయింపవలెను; మన భాషలో నిట్టి వ్రాతలు మిక్కిలి కొద్ది. చెప్పినవానికి కృతజ్ఞత తెలుపుటతోనే ఋణము తీరినదని తలంపరాదు. అతడు బదులుగ నాశించునది నమస్కారము కాదు. తరువాత అడుగువానికి మనము చెప్పుట.